హోటల్, సమావేశాల రంగంలో మర్యాద ఎక్కడ ఆగుతుంది, లంచం ఎక్కడ మొదలవుతుంది?

ప్రశ్న క్లుప్తంగా: "మాది సమావేశాలు, సదస్సులు నిర్వహించే మధ్యస్థాయి సంస్థ. 200 మంది ప్రతినిధులు మూడు రాత్రులు ఉండే సదస్సుకి వేదిక చూస్తున్నాం. ఒక హోటల్ సేల్స్ మేనేజర్ 'ముందు మీరు కుటుంబంతో వచ్చి రెండు రోజులు ఉండి వెళ్ళండి, బుకింగ్ మీద వచ్చే లాయల్టీ పాయింట్లు కూడా మీ పేరుకే వేయిస్తాను' అన్నారు. ఇదే సమయంలో మా యాజమాన్యం నైతిక నియమావళి రాయిస్తోంది. ఇంత విలువ దాటిన కానుకలు తీసుకోరాదు అన్న ఒక్క వాక్యం చాలని వారి అభిప్రాయం. చాలుతుందా? చాలకపోతే ఏం రాయాలి, ఎలా అమలు చేయాలి?"

చాలదు. వేరే పరిశ్రమల్లో సరఫరాదారు పెట్టిన విందుకీ కొనే సరుకుకీ సంబంధం ఉండదు కాబట్టి అక్కడ విలువ పరిమితి కొంతవరకు పనిచేస్తుంది. మన రంగంలో గది, భోజనం, ప్రయాణం, వినోదం, ఇవే సరుకు. లంచంగా మారేవీ ఇవే. వందలమందికి వడ్డించబోయే భోజనాన్ని ముందుగా రుచి చూడటం ఉద్యోగంలో భాగం. 200 గదులు తీసుకోబోయే హోటల్లో ఒక రాత్రి ఉండి, అందరూ ఒకేసారి స్నానానికి దిగే వేళ వేడినీళ్ళు అందుతున్నాయా, పక్క హాల్లో సంగీతం గోడ దాటి వినిపిస్తోందా అని చూసుకోకపోతే అది అశ్రద్ధే. విలువ పరిమితి ఒక్కటే పెడితే నిజాయతీగా పనిచేసేవాళ్ళు రోజూ నియమం తప్పినవాళ్ళవుతారు. చేతివాటం ఉన్నవాళ్ళు మాత్రం పరిమితికి ఒక మెట్టు కింద ఆగి, పదిసార్లు తీసుకుంటారు.

అందుకే నియమావళిలో మొదటి పేరా విలువ గురించి కాకుండా నాలుగు ప్రశ్నల మీద ఉండాలి. ఈ లాభం అందుతున్నది సంస్థకా, వ్యక్తికా? ఆ వ్యక్తి చేతిలో ఇప్పుడు తేలాల్సిన నిర్ణయం ఏమైనా ఉందా? చివరికి డబ్బు కట్టేవారికి ఈ సంగతి తెలుసా? దీన్ని సదస్సు ఫైల్లో తేదీ వేసి రాసి పెట్టగలమా? మీకు వచ్చిన ప్రతిపాదనని వీటితో కొలవండి. కుటుంబంతో రెండు రోజుల బస వ్యక్తికి అందే లాభం, వేదిక నిర్ణయం మీ చేతిలోనే ఉంది, క్లయింటుకి తెలియదు, ఫైల్లో రాయలేరు. నాలుగింటిలోనూ తప్పింది, తీసుకోకూడదు. అదే హోటల్లో మీరూ, మీ సాంకేతిక బాధ్యుడూ ఒక రాత్రి ఉండి పరిశీలన పత్రం నింపి రావడం అలా కాదు: నిర్ణయం మీ చేతిలో ఉన్నా లాభం పనికే, క్లయింటుకి చెప్పవచ్చు, ఫైల్లో రాయవచ్చు.

కమీషన్ దగ్గర చాలామంది తికమక పడతారు. గ్రూపు బుకింగు తెచ్చిన నిర్వాహకుడికి గది అద్దెలో వాటా ఇవ్వడం పాత వాణిజ్య పద్ధతి. అమెరికాలో చాలాకాలం 10 శాతం వాడుక రేటుగా ఉండేది. 2018 మార్చి 31 నుంచి మారియట్ అమెరికా, కెనడా హోటళ్ళలో గ్రూపు కమీషన్‌ని 7 శాతానికి తగ్గించినప్పుడు నిర్వాహకుల నుంచి గట్టి నిరసన వచ్చింది. ఎన్ని సంస్థలకి అదే ప్రధాన ఆదాయమో అప్పుడు బయటపడింది. కమీషన్ తీసుకోవడం తప్పు కాదు. క్లయింటుకి చెప్పకుండా తీసుకోవడం తప్పు. ఎందుకో మీ సదస్సు లెక్కలోనే చూడవచ్చు. ఒక్కొక్కరికి ఒక గది చొప్పున 200 గదులు, 3 రాత్రులు, మొత్తం 600 రూం నైట్లు. ఒక రాత్రి అద్దె 100 అనుకుంటే బిల్లు 60,000, అందులో 10 శాతం 6,000. మీరు బేరమాడి అద్దెని 90కి దింపితే క్లయింటుకి 6,000 మిగులుతుంది, మీకు 600 తగ్గుతుంది. క్లయింటు తరఫున బేరమాడాల్సిన మనిషికి బేరం గెలిస్తే నష్టం వచ్చే ఏర్పాటు ఇది. మంచివాళ్ళని పెట్టుకున్నంత మాత్రాన ఈ చిక్కు పోదు.

దీనికి మందు కష్టమైనదేమీ కాదు. హోటళ్ళకి పంపే మొదటి అభ్యర్థనలోనే రెండు ధరలు రాతపూర్వకంగా అడగండి: కమీషన్ కలిపిన ధర, కమీషన్ లేని నెట్ ధర. రెండూ క్లయింటు ముందు పెట్టండి. మీ శ్రమకి విడిగా రుసుము తీసుకుంటుంటే నెట్ ధర మీదే ఒప్పందం కుదరాలి. కమీషనే మీ రుసుము అయితే ఆ శాతం క్లయింటుతో చేసుకునే ఒప్పందంలో అంకెతో సహా ఉండాలి. రెండు వైపుల నుంచీ తీసుకుంటుంటే అదీ చెప్పి తీసుకోండి. ఒప్పందంలో ఇలాంటి వాక్యం పెట్టవచ్చు: "ఈ కార్యక్రమానికి సంబంధించి హోటళ్ళు, రవాణా, అలంకరణ, ఆడియో-విజువల్, ఇతర సరఫరాదారుల నుంచి మా సంస్థకి గాని, మా ఉద్యోగులకి గాని వచ్చే ప్రతి కమీషన్, రాయితీ, సంవత్సరాంతపు బోనస్, పాయింట్లు, ఉచిత బస ఈ అనుబంధంలో రాశాం. ఇందులో లేనిది ఏదైనా తర్వాత బయటపడితే ఆ మొత్తం క్లయింటుది." చివరి వాక్యం తీసేస్తే ముందు వాక్యానికి బలం ఉండదు.

సంవత్సరాంతపు బోనస్ అని విడిగా రాయడానికి కారణం ఉంది. ఏడాదిలో ఇన్ని రూం నైట్లు తెస్తే అదనంగా ఇంత అని కొన్ని హోటల్ గ్రూపులు మీలాంటి నిర్వాహక ఏజెన్సీలకి ఇచ్చే ఓవర్‌రైడ్ ఏ ఒక్క కార్యక్రమం బిల్లులోనూ కనిపించదు. డిసెంబరులో లక్ష్యానికి కొద్ది దూరంలో ఉన్న ఏజెన్సీ ఏ హోటల్‌ని సిఫారసు చేస్తుందో ఊహించడం కష్టం కాదు. మైకులు, తెరల వంటి ఆడియో-విజువల్ ఏర్పాట్ల దగ్గరా ఇలాంటిదే. హోటల్ లోపలి సరఫరాదారు తన వసూళ్ళలో కొంత శాతం హోటల్‌కి కట్టడం మామూలు వ్యవహారం. బయటి సంస్థని రానివ్వకపోవడానికి భద్రత కారణమని చెబుతారు గాని, చాలాసార్లు అసలు కారణం ఆ వాటాయే. అది నేరం కాదు, కానీ ధర పోల్చి చూసే హక్కు క్లయింటుకి ఉంటుంది. ఒప్పందం సంతకం కాకముందే బయటి సరఫరాదారు వస్తే కట్టాల్సిన రుసుము ఎంతో అడిగి తెలుసుకోండి. తర్వాత అడిగితే బేరమాడే బలం ఉండదు.

ఇక పాయింట్లు, ఉచిత గదులు. ప్రతి 40 లేదా 50 గదులకి ఒకటి ఉచితం అన్న షరతు గ్రూపు ఒప్పందాల్లో తరచూ ఉంటుంది. 50కి ఒకటి చొప్పున మీ 600 రూం నైట్లకి 12 ఉచిత రాత్రులు వస్తాయి. అవి ఎటు పోయాయో అడిగేవాళ్ళు అరుదు. నిర్వాహకుడి బంధువులకి వెళ్ళవచ్చు; ఇంకా ఘోరంగా, ఆలస్యంగా నమోదు చేసుకున్న ప్రతినిధికి నగదుకి అమ్ముడుపోవచ్చు. ఒప్పందంలో ఉచిత గదులని గదుల రూపంలో కాక, సదస్సు మొత్తానికి వేసే మాస్టర్ బిల్లులో గ్రూపు ధర చొప్పున తగ్గింపుగా ఇవ్వాలని రాయించండి. గదులుగానే కావాలంటే, ఏ గది ఎవరికో చూపే రూమింగ్ జాబితాలో ప్రతి ఉచిత గది ఎదుట మనిషి పేరూ, కారణమూ ఉండాలి. "సిబ్బంది" అన్న మాట ఒప్పుకోవద్దు. ఆ ఉచిత రాత్రుల లెక్క ఏ రాత్రికి ఆ రాత్రి విడిగానా, మొత్తం బస మీద కలిపా అన్నది కూడా తేల్చుకోండి. మొత్తం బస మీద కూడితేనే క్లయింటుకి లాభం. పాయింట్లకి మూడే దారులు: సంస్థ ఖాతాలో వేయించడం, క్లయింటు ఖాతాలో వేయించడం, వద్దని రాతపూర్వకంగా చెప్పడం. వ్యక్తిగత ఖాతా అన్న నాలుగో దారిని నియమావళిలో పేరు పెట్టి మూసేయాలి. "అందరూ తీసుకుంటారు, హోటల్ కార్యక్రమమే అది" అంటారు. కార్యక్రమం హోటల్‌దే, 600 రాత్రుల డబ్బు మాత్రం వేరొకరిది.

వేదిక పరిశీలన యాత్రలు ఎంత చెడిపోగలవో ఒలింపిక్ ఉద్యమం నేర్చుకుంది. 2002 శీతాకాల క్రీడల్ని సాల్ట్ లేక్ సిటీకి తేవడానికి అంతర్జాతీయ ఒలింపిక్ కమిటీ సభ్యులకి కానుకలు, వాళ్ళ పిల్లలకి చదువు ఖర్చులు, ప్రయాణాలు సమకూర్చిన సంగతి 1998 చివర బయటపడింది. పదిమంది సభ్యులు రాజీనామాతోనో బహిష్కరణతోనో వెళ్ళిపోయారు. ఆ తర్వాత కమిటీ, పోటీలో ఉన్న నగరాలకి సభ్యులు విడివిడిగా వెళ్ళడాన్ని నిషేధించి, మదింపు బృందాన్నే పంపే పద్ధతి పెట్టింది. మీ స్థాయిలో దానికి సరిపోయే పద్ధతి ఇది. ముందు మార్కుల పత్రం తయారు చేయండి: హాలు సామర్థ్యం, విమానాశ్రయం నుంచి ప్రయాణ సమయం, గది ధర, రద్దు షరతులు, అగ్నిమాపక ఏర్పాట్లు, ఇలా ఒక్కోదానికి ఎన్ని మార్కులో హోటళ్ళని చూడకముందే నిర్ణయించి తేదీ వేయండి. కాగితం మీద మూడింటిని ఎంపిక చేశాకే వెళ్ళండి. ఇద్దరు వెళ్ళాలి, ఒకరు సేల్స్‌కి సంబంధం లేనివారై ఉండాలి. మూడు చోట్లా ఒకే నిడివి బస. ప్రయాణ ఖర్చు మీ సంస్థదే. గది హోటల్ ఇస్తే ఇవ్వవచ్చు. తిరిగొచ్చిన రెండు రోజుల్లో ఇద్దరూ విడివిడిగా మార్కులు వేయాలి. కలిసి వేస్తే ఒకరి ఇష్టం రెండోవారి అంకెల్లోకి పాకుతుంది. ఏ బుకింగూ చేతిలో లేనప్పుడు హోటళ్ళు, పర్యాటక సంస్థలు పిలిచే పరిచయ యాత్రలకి వేరే నియమం కావాలి: ఎవరు వెళ్ళాలో పిలిచినవాళ్ళు కాక మీ సంస్థ నిర్ణయించాలి.

ఎక్కువ యాత్రలు అవసరమా అన్న ప్రశ్న కూడా నైతికతలో భాగమే. అమెరికా ప్రభుత్వ సేవల సంస్థ జీఎస్‌ఏ 2010 అక్టోబరులో లాస్ వెగాస్ దగ్గర సుమారు 300 మందితో పెట్టిన సదస్సుకి 8,20,000 డాలర్లకి పైగా ఖర్చయింది. అందులో ముందస్తు సందర్శనలకీ, సన్నాహక సమావేశాలకీ అయినదే లక్ష డాలర్లు దాటింది. 2012 ఏప్రిల్‌లో తనిఖీ నివేదిక వెలువడగానే సంస్థ అధిపతి రాజీనామా చేశారు. అదే ఏడాది మేలో వచ్చిన ఆదేశంతో లక్ష డాలర్లు దాటే ఫెడరల్ సదస్సులకి పైస్థాయి అనుమతి తప్పనిసరి అయింది. దాని నుంచి తీసుకోవాల్సిన పాఠం, పరిశీలన ఖర్చుకి సదస్సు బడ్జెట్‌లో విడిగా ఒక పద్దు ఉండాలన్నది. పద్దు లేని ఖర్చు పెరుగుతూనే ఉంటుంది.

ఇప్పటివరకు మీరు పుచ్చుకునే వైపు నుంచి చెప్పాను. ఇచ్చే వైపు ఇంకా ప్రమాదకరం, ఎందుకంటే అక్కడ అతిథుల్లో ప్రభుత్వ అధికారులు ఉంటారు. 2008 బీజింగ్ ఒలింపిక్స్‌కి గనుల సంస్థ బీహెచ్‌పీ బిలిటన్ 176 మంది ప్రభుత్వ అధికారుల్నీ, ప్రభుత్వ సంస్థల ఉద్యోగుల్నీ తన ఖర్చుతో ఆహ్వానించింది. చివరికి 60 మందికి, కొందరి జీవిత భాగస్వాములకి కూడా ఖర్చు పెట్టింది. ఒక్కో ప్యాకేజీ విలువ 12,000 నుంచి 16,000 డాలర్లు. 2015 మేలో అమెరికా స్టాక్ మార్కెట్ నియంత్రణ సంస్థతో, ఆరోపణల్ని ఒప్పుకోకుండా, ఖండించకుండా, 2.5 కోట్ల డాలర్లకి రాజీ పడింది. మన రంగంవాళ్ళు గమనించాల్సింది జరిమానా కాదు. ఆ కంపెనీలో ఆహ్వానాలకి దరఖాస్తు పత్రం ఉంది. ఈ అతిథితో మనకి లావాదేవీ ఏమైనా నడుస్తోందా అన్న ప్రశ్న కూడా ఆ పత్రంలో ఉంది. కానీ ఆ పత్రాల్ని ఆహ్వానించే విభాగానికి బయట ఎవరూ స్వతంత్రంగా పరిశీలించలేదు. కొన్ని అసంపూర్ణంగా, కొన్ని తప్పులతో నిండి ఉన్నాయి. అంటే పత్రం ఉండటం అదుపు కాదు, దాన్ని చదివి "వద్దు" అనగలిగే మనిషి ఉండటమే అదుపు.

చట్టాల తేడా కూడా కొంచెం తెలిసి ఉండాలి. అమెరికా 1977 నాటి విదేశీ అవినీతి నిరోధక చట్టం విదేశీ అధికారులకి ఇచ్చే లంచాల గురించి. ఉత్పత్తిని చూపించడానికో ఒప్పందం అమలుకో నేరుగా అవసరమైన, సహేతుకమైన ప్రయాణ, బస ఖర్చుల్ని అది సమర్థనగా ఒప్పుకుంటుంది. 2011 జూలై నుంచి అమల్లో ఉన్న బ్రిటన్ లంచాల చట్టం ప్రైవేటు సంస్థల మధ్య లంచాన్నీ పట్టుకుంటుంది. తన తరఫున పనిచేసే ఏజెంటు లంచం ఇస్తే, దాన్ని నిరోధించే తగిన ఏర్పాట్లు ముందే ఉన్నాయని చూపలేని కంపెనీ నేరస్థురాలవుతుంది. మీలాంటి నిర్వాహక సంస్థే చాలా పెద్ద కంపెనీలకి ఆ ఏజెంటు. వాళ్ళు పంపే వంద ప్రశ్నల పత్రం విసుగు పుట్టించవచ్చు, దాని వెనక ఉన్న భయం మాత్రం నిజమైనది.

అధికారుల్ని పిలవాల్సి వస్తే పాటించాల్సినవి ఇవి. ఆహ్వానం సంస్థ పేరుకి వెళ్ళాలి, ఎవరు రావాలో ఆ సంస్థే పేరు ఇవ్వాలి. వాళ్ళ స్వంత పరిమితులు ఏమిటో ముందే అడగాలి. ఉదాహరణకి అమెరికా ఫెడరల్ ఉద్యోగులకి సాధారణ నియమం ఒక సందర్భానికి 20 డాలర్లు, ఒకే మూలం నుంచి ఏడాదికి 50 డాలర్లు. విమానం, హోటల్ డబ్బు నేరుగా సరఫరాదారుకి కట్టాలి, చేతికి నగదు భత్యం ఇవ్వకూడదు. కుటుంబ సభ్యుల టికెట్లు లేవు. సదస్సుకి ముందో వెనకో విహారపు రోజులు లేవు. వాళ్ళ ఖర్చుతోనే ఉంటామన్నా ఆ గది మీ గ్రూపు ధరకి ఇప్పించకూడదు. మీ సంస్థది గాని, మీ క్లయింటుది గాని లైసెన్సు, టెండరు, తనిఖీ, వివాదం వాళ్ళ ముందు ఉందా అన్న ప్రశ్నకి సేల్స్ విభాగం కాక న్యాయ లేదా ఆర్థిక విభాగం జవాబు రాయాలి. ఉంటే ఆహ్వానం ఆగిపోవాలి. వైద్య పరికరాల పరిశ్రమ ఇంకో అడుగు వేసింది: మెడ్‌టెక్ యూరప్ సభ్య సంస్థలు 2018 జనవరి 1 నుంచి, ఇతరులు నిర్వహించే సదస్సులకి వైద్యుల్ని నేరుగా స్పాన్సర్ చేయడం మానేసి, ఆస్పత్రులకీ సంఘాలకీ విద్యా గ్రాంటుగా ఇస్తున్నాయి, ఎవరిని పంపాలో గ్రాంటు అందుకున్నవాళ్ళు నిర్ణయిస్తారు. నా అభిప్రాయంలో మిగతా రంగాలూ వెళ్ళాల్సిన దారి ఇదే.

జరగని సమావేశాల గురించి విడిగా చెప్పాలి. 2013లో చైనా పోలీసులు మందుల సంస్థ జీఎస్‌కే మీద మోపిన ఆరోపణల్లో ప్రధానమైనది, ట్రావెల్ ఏజెన్సీల ద్వారా సమావేశాల బిల్లులు సృష్టించి ఆ నగదుతో వైద్యులకి, అధికారులకి లంచాలిచ్చారన్నది. 2014 సెప్టెంబరులో చాంగ్షా కోర్టు ఆ సంస్థకి 300 కోట్ల యువాన్ల జరిమానా వేసింది. సమావేశాల బిల్లు నల్లడబ్బు తయారీకి అంత అనువుగా ఎందుకుంటుందంటే, సరుకు ఆ రోజే తినేసి, తాగేసి, పడుకుని లేచేస్తే అయిపోతుంది. నెల తర్వాత లెక్కపెట్టడానికి గోదాములో ఏమీ మిగలదు.

కాబట్టి తనిఖీ చేసేవాళ్ళు కాగితాలు ఒకదానితో ఒకటి సరిపోతున్నాయా అన్నది చూడాలి. ఏ హాల్లో ఎన్ని కుర్చీలు, ఏ ఏర్పాట్లు అని హోటల్ బాంక్వెట్ (విందుల) విభాగం రాసిచ్చిన ఫంక్షన్ షీటు, హోటల్ నుంచి నేరుగా తెప్పించుకున్న తుది బిల్లు, ఎవరు నిజంగా చెక్-ఇన్ అయ్యారో చూపే జాబితా, నమోదు పట్టిక, కార్యక్రమ పట్టిక. ఏజెన్సీ తన లెటర్‌హెడ్ మీద తిరిగి టైపు చేసిన బిల్లుని ఎప్పుడూ ఆధారంగా తీసుకోవద్దు. అదే మొదటి కంత. రూమింగ్ జాబితాలో 80 పేర్లు, ఫంక్షన్ షీట్లో 150 కుర్చీలు, బిల్లులో 220 భోజనాలు ఉంటే ఒకటి అబద్ధం. హాలు రెండు గంటలకే బుక్ చేసి పూటంతా శిక్షణ అని రాయడం, హాజరు సంతకాలన్నీ ఒకే చేతిరాతలో ఉండటం, అంకెలన్నీ సున్నాలతో ముగియడం, కార్యక్రమానికి వారాల ముందే ఏజెన్సీకి పూర్తి డబ్బు వెళ్ళిపోవడం, ప్రతిసారీ ఒకే ఏజెన్సీ రావడం, ఇవి అనుమానించాల్సిన గుర్తులు. ఏడాదిలో కొన్ని కార్యక్రమాలకి చెప్పకుండా ఒక మనిషిని పంపి తలలు లెక్కపెట్టించడం కంటే బలమైన తనిఖీ ఇంకొకటి లేదు.

నిజంగా జరిగిన కార్యక్రమాల్లో డబ్బు ఎక్కువగా కారేది భోజనాల లెక్కలో. ఇంతమందికి తప్పక డబ్బు కడతామని ముందుగా ఇచ్చే గ్యారంటీ సంఖ్య, నిజంగా తిన్నవాళ్ళ సంఖ్య, రెండింటిలో పెద్దదానికి హోటల్ బిల్లు వేస్తుంది. నిర్వాహకుడి ఉద్యోగి హోటల్ మనిషితో కుమ్మక్కై గ్యారంటీని 300 అని రాసి, 230 మందికే వండిస్తే 70 భోజనాల డబ్బు పంచుకోవడానికి మిగులుతుంది. దీన్ని ఆపే పద్ధతి: బఫే తెరవకముందు పేర్చిన పళ్ళేల్ని రెండు వైపుల మనుషులూ కలిసి లెక్కపెట్టాలి, మధ్యలో తెచ్చిన ప్రతి దొంతరనీ రాయాలి, ముగిశాక మిగిలినవాటిని లెక్కలోంచి తీసేయాలి. వచ్చిన అంకె మీద అక్కడికక్కడే ఇద్దరూ సంతకం పెట్టాలి. తెల్లారాక పెట్టే సంతకానికి విలువ లేదు. ఒక్కొక్కరు రెండు పళ్ళేలు వాడతారు కదా అంటే, అందుకే ఈ అంకెని నమోదు బల్ల దగ్గరి లెక్కతో పోల్చాలి. పానీయాలకి వాడినంత మేర బిల్లు అని ఒప్పుకుంటే మొదట్లో మూత తీయని సీసాలు, చివర్లో ఖాళీ సీసాలు, మిగిలిన నిండు సీసాలు మూడూ లెక్కించాలి. ఖాళీలు మాత్రమే లెక్కపెడితే నిన్నటి వేడుక ఖాళీలు ఇవాళ్టి బిల్లులోకి వస్తాయి. గ్యారంటీ సంఖ్యని పెంచే అధికారం, తుది బిల్లు ఆమోదించే అధికారం ఒకే మనిషికి ఉండకూడదు.

హోటల్ లోపల చూస్తే కొనుగోళ్ళ దగ్గర సరుకు దించుకునే బల్లే కీలకం. తూకంలో మంచు, నీళ్ళు, అట్టపెట్టె బరువు కలిసిపోతాయి. మొదటి రకం రాసి రెండో రకం దించుతారు. దించుకునే గుమాస్తాకి ఆర్డరులో ఉన్న బరువు కనిపించకుండా ఖాళీ పత్రం ఇచ్చి, తాను తూచినది రాయించండి. తర్వాత ఆర్డరు, దించుకున్న పత్రం, బిల్లు మూడూ కలిస్తేనే చెల్లింపు. నాణ్యత మీద మాట చెప్పే హక్కు వంటశాల అధిపతిది, ధర తేల్చేది కొనుగోలు విభాగం. రెండూ ఒకరి చేతిలో పెట్టిన హోటళ్ళలో ధరలు ఎందుకు దిగవో ఎవరూ అడగరు. రిసెప్షన్ దగ్గర నగదుకి ఇచ్చి లెక్కలో చూపని గదిని పట్టుకోవాలంటే హౌస్‌కీపింగ్ ఉదయం రాసిన వాడిన గదుల జాబితాని రాత్రి లెక్కలతో రోజూ పోల్చడమే దారి.

లైసెన్సుల సంగతికి వస్తే, హోటల్‌కి అగ్నిమాపకం, ఆహార భద్రత, మద్యం, భవనం, సంగీతం ఇలా చాలా అనుమతులు కావాలి. ఇక్కడ మామూళ్ళు అడిగేవాడి బలమంతా మీ గడువులో ఉంది. రేపు వేడుక ఉండి ఇవాళ అనుమతి రాకపోతే ఎంత నిక్కచ్చి మనిషైనా వంగుతాడు. అందుకని అన్ని అనుమతుల గడువులూ ఒకే పట్టికలో పెట్టి, 90, 60, 30 రోజుల ముందు ఎవరు ఏం చేయాలో రాయండి. దరఖాస్తు అందినట్టు ముద్ర వేసిన నకలు తీసుకోండి. చెల్లింపు ప్రభుత్వ ఖాతాకే, రసీదుతోనే. తనిఖీకి వచ్చిన అధికారి వెంట ఎప్పుడూ ఇద్దరు ఉండాలి. వచ్చిన సమయం, పేరు, చెప్పిన లోపాలు ఒక పుస్తకంలో రాయాలి. పని త్వరగా కావడానికి ఇచ్చే చిన్న మొత్తాల్ని అమెరికా చట్టం ఇరుకైన మినహాయింపుగా వదిలినా, బ్రిటన్ చట్టంలో ఆ మినహాయింపు లేదు. అధికారులకి ఇచ్చే ఉచిత గదులు, భోజనాలు "కాంప్లిమెంటరీ" అన్న పెద్ద సంచిలో కలిసిపోకుండా విడి కోడ్ పెట్టండి. నెలకోసారి ఆ కోడ్ జాబితా యజమాని చదవాలి.

నియమావళులు దాదాపుగా పట్టించుకోని లంచం ఒకటుంది, చిన్న సరఫరాదారు తన బిల్లు కదలడానికి ఇచ్చేది. పూలవాళ్ళు, టెంట్లవాళ్ళు, ఫోటోగ్రాఫర్లు కార్యక్రమం అయ్యాక వారాల తరబడి తిరుగుతారు. అకౌంట్స్ గుమాస్తాకి కొంత ముట్టజెబితే గాని చెక్కు రాదు. ఆ మొత్తం వాళ్ళు తర్వాతి కోటేషన్‌లో కలుపుతారు, అంటే చివరికి కట్టేది క్లయింటే. ఇది నాకు అన్నిటికంటే బాధ కలిగించే రకం, ఎందుకంటే ఇక్కడ డబ్బు బలహీనుడి జేబులోంచి పోతుంది. బిల్లు అందిన తేదీకి వరస సంఖ్య ఇచ్చి ఆ వరసలోనే చెల్లించండి. వరస తప్పిస్తే కారణం రాసి రెండో సంతకం ఉండాలి. వరస సంఖ్యని సరఫరాదారుకి సందేశంగా పంపండి. తన ముందు ఎన్ని ఉన్నాయో తెలిసినవాడిని బెదిరించడం కష్టం.

ఫిర్యాదు మార్గం లేకుండా ఇవన్నీ సగమే పనిచేస్తాయి. మోస పరీక్షకుల అంతర్జాతీయ సంఘం ఏసీఎఫ్‌ఈ 2024 నివేదికలో, సంస్థల లోపలి మోసాల్లో 43 శాతం ఎవరో ఒకరు చెప్పడం వల్లనే బయటపడ్డాయి, చెప్పినవాళ్ళలో సగానికి పైగా ఉద్యోగులే. మన రంగంలో అసలు సంగతులు తెలిసేది రోజు కూలీ మీద వచ్చే వడ్డన సిబ్బందికి, డ్రైవర్లకి, సరఫరాదారులకి. వాళ్ళెవరికీ కంపెనీ ఈమెయిల్ ఉండదు. కాబట్టి ఫోన్ నంబరు ప్రతి కొనుగోలు ఆర్డరు మీదా, సిబ్బంది భోజనశాల గోడ మీదా, వాళ్ళ భాషలో ఉండాలి. ఎత్తేది సేల్స్‌కీ కొనుగోళ్ళకీ సంబంధం లేని మనిషై ఉండాలి. ఫిర్యాదు రాగానే ఎవరినీ నిలదీయకండి. కెమెరా దృశ్యాలు కొన్ని వారాల్లో చెరిగిపోతాయి కనుక మొదటి రోజే భద్రపరచండి; బిల్లింగ్ యంత్రంలో రద్దు చేసిన బిల్లుల జాబితా, గది తాళాల రికార్డు, సంబంధిత కాగితాల అసలు ప్రతులు తీసి పెట్టండి. ఆ తర్వాతే మనుషులతో మాట్లాడాలి.

లంచ నిరోధక నిర్వహణకి ఐఎస్ఓ 37001 అనే అంతర్జాతీయ ప్రమాణం 2016లో వచ్చింది, 2025లో కొత్త కూర్పు వెలువడింది. మీ స్థాయి సంస్థకి సర్టిఫికెట్ తొందర అక్కర్లేదని నా అభిప్రాయం. ముందు మూడు పనులు చేయండి. ఈ వారంలో ఆ సేల్స్ మేనేజర్‌కి మర్యాదగా రాతపూర్వక జవాబు పంపండి: "పరిశీలనకి మా ఇద్దరు ఉద్యోగులు ఒక రాత్రి ఉంటారు. పాయింట్లు మా సంస్థ ఖాతాకి, లేదా వాటికి బదులు నెట్ ధర తగ్గింపు ఇవ్వండి." చాలామంది ఇలాంటి జవాబుకి నొచ్చుకోరు, వాళ్ళలో కొందరికి ఊరటగా కూడా ఉంటుంది, ఎందుకంటే ఆ బసలు ఇవ్వమని వాళ్ళ మీద కూడా ఒత్తిడి ఉంటుంది. ఈ నెలలో కమీషన్ల అనుబంధం ఒప్పందాల్లో చేర్చండి. మూడోది, మీ సేల్స్ బృందం బోనస్ దేని మీద లెక్క కడుతున్నారో చూడండి. తెచ్చిన వ్యాపారం మీదే మొత్తం బోనస్ ఆధారపడితే నియమావళి ఒకటి చెబుతుంది, జీతం చీటీ ఇంకోటి చెబుతుంది, మనుషులు జీతం చీటీనే వింటారు. బోనస్‌లో కొంత భాగాన్ని ఫైలు పూర్తిగా మూసిన కార్యక్రమాలకి ముడిపెట్టండి: మార్కుల పత్రం, రెండు ధరల కోటేషన్, సంతకాల భోజన లెక్క, ఉచిత గదుల జాబితా, హోటల్ అసలు బిల్లు, ఈ ఐదూ ఫైల్లో ఉంటేనే ఆ భాగం విడుదల. కార్యక్రమం ముగిసిన రెండు వారాల్లో ఆర్థిక విభాగం ఒక గంట కేటాయిస్తే ఈ ఐదింటినీ సరిచూడవచ్చు.